వాసన రాదండీ!

మనవాళ్ళ పాట్‌లక్కుల్లో గులాబ్‌జాముల పక్కన బ్రౌనీలు చేరి చాలా కాలమైంది. అందులోనూ తెల్లటి క్రీమ్ చీజ్ చారలు తిరిగిన బ్రౌనీలైతే చివర్లో వచ్చినవాళ్ళకి ఖాళీ ట్రేనే దక్కుతుంది. నాకూ అవంటే ప్రాణం, ఇంట్లో తరచూ చేస్తుంటాను కూడా. కాబట్టి నా పేచీ బ్రౌనీలతో కాదు. ఆ ట్రే పక్కన మనం చెప్పకుండా వదిలేసే ఒక్క మాటతో.

గుడ్డు.

దృశ్యం మీకూ తెలిసిందే. ఇండియా నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన ఒక పెద్దావిడ బ్రౌనీ ముక్క చేతిలోకి తీసుకుని, "ఇందులో గుడ్డు లేదు కదమ్మా?" అని అడుగుతుంది. జవాబు, "అస్సలు వాసన రాదండీ, తినండి!" ఆవిడ అడిగిందేమిటి, మనం చెప్పిందేమిటి? కొత్త ఊళ్ళో, కొడుకు స్నేహితుల ఇంట్లో, రెండోసారి అడగటానికి ఆవిడకి మొహమాటం. తినేస్తుంది, లేదా మెల్లగా పేపర్ ప్లేటులో ఓ మూలకి జరిపేస్తుంది. రెండూ చూడటానికి నాకు కష్టంగానే ఉంటాయి.

అందరిదీ దురుద్దేశమని అనను. సగం గొడవ మాటల్లోనే ఉంది. అమెరికాలో వెజిటేరియన్ అంటే మాంసం, చేపలు తినరని అర్థం. గుడ్డు తింటారా అని విడిగా అడిగితే తప్ప తెలియదు. ఇండియాలో ప్యాకెట్ల మీద వేసే గుర్తుల నిబంధనల ప్రకారం గుడ్డు పడితే మాంసాహారమే, ఆకుపచ్చ చుక్క రాదు. ఒకే పదానికి రెండు స్పెసిఫికేషన్లు! మా వృత్తిలో ప్రాజెక్టులు మునిగేది ఇలాంటి చోటే. డబ్బా మిక్సుతో ఇంకో తిరకాసు. చాలా డబ్బాల మీద పదార్థాల జాబితాలో గుడ్డు కనపడదు, ఎందుకంటే అది పొడిలో ఉండదు, పక్కన రాసిన తయారీ విధానంలో ఉంటుంది. జాబితా మాత్రం చదివి "లేదండీ" అని హామీ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

అసలు గుడ్డు ఎక్కడెక్కడ పడుతుందో తెలియాలంటే ఓసారి ఇంట్లో మొదటి నుంచీ చేసి చూడాలి. ఎనిమిదంగుళాల చదరపు ట్రేకి నా లెక్క ఇది. 113 గ్రాముల వెన్న, అంతే డార్క్ చాక్లెట్ కలిపి కరిగించాలి. 200 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, కాస్త ఉప్పు, 90 గ్రాముల మైదా కలపాలి. తెల్ల భాగానికి 227 గ్రాముల క్రీమ్ చీజ్ కట్టు ఒకటి, 65 గ్రాముల చక్కెర, ఒక పచ్చసొన. చీజ్ ఫ్రిజ్ లోంచి ముందే తీసి మెత్తబడనివ్వాలి, లేకపోతే ఉండలు కడుతుంది. చాక్లెట్ పిండి మీద తెల్లది చెంచాలతో అక్కడక్కడా వేసి, చాకు మొనతో నాలుగైదు గీతలు తిప్పి ఆపేయాలి. ఆశపడి ఇంకా తిప్పితే చారలు పోయి అంతా బూడిదరంగు ముద్దవుతుంది. 350 ఫారెన్‌హీట్ దగ్గర అరగంట పైచిలుకు. పూర్తిగా చల్లారి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాకే కోయాలి.

చూశారుగా, గుడ్డు నలుపులోనూ ఉంది, తెలుపులోనూ ఉంది. నల్ల భాగంలో పిండిని పట్టి ఉంచుతుంది, పైన మెరిసే పలచటి పొర ఇస్తుంది. తెల్ల భాగాన్ని గడ్డకట్టిస్తుంది. ఈ పనులు వేరేవాటితో జరిపించలేమా? నిక్షేపంగా జరిపించొచ్చు. రెండు గుడ్ల బదులు అరకప్పు చిక్కటి పెరుగు, అరచెంచా బేకింగ్ పౌడర్. పచ్చసొన బదులు ఓ పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్. బ్రౌనీ కేకులా పొంగనక్కర్లేదు కాబట్టి ఇది సాధ్యం. మెరిసే పొర పోతుంది, నిజమే. కానీ పైన క్రీమ్ చీజ్ ముగ్గు వేశాక ఆ పొరని వెతికేదెవరు?

"గుడ్డు లేకపోతే అది బ్రౌనీయే కాదు" అనేవాళ్ళకి ఒక్క ముక్క. ఫానీ ఫార్మర్ 1896లో అచ్చువేసిన వంటల పుస్తకంలో బ్రౌనీలున్నాయి. వాటిలో చాక్లెట్ లేదు, మొలాసిస్ ఉంది! చాక్లెట్ బ్రౌనీ ఆవిడ పుస్తకంలోకి 1906లో వచ్చింది. చాక్లెట్ లేకుండా బ్రౌనీ అయినది, గుడ్డు లేకుండా కాకపోతుందా?

"అంత పట్టింపు ఉంటే తినడం మానేయొచ్చుగా" అని ఇంకో వాదన. మానేయాలన్నా ముందు తెలియాలి కదండీ! ఇది ఆచారం సంగతి మాత్రమే అనుకోవద్దు. ఈ దేశంలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సిన ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల్లో గుడ్డు కూడా ఉంది. కంపెనీవాడు చట్టానికి భయపడి చెప్పేది, మన ఇంటికొచ్చిన అతిథికి మనం అభిమానంతో చెప్పలేమా?

నేను గుడ్డు తింటాను. తినేవాళ్ళని మానమనీ, మానేసినవాళ్ళని తినమనీ అనను. ఎవరి నియమం వాళ్ళది. అరవై ఏళ్ళు నిలబెట్టుకున్న నియమాన్ని పక్కవాడి మొహమాటం కోసం తెలియకుండా పోగొట్టుకోవడం మాత్రం అన్యాయం. పెద్ద ఖర్చేమీ లేదు. ట్రే పక్కన చిన్న కాగితం ముక్క మీద "గుడ్డు ఉంది" అని తెలుగులో రాసి పెట్టండి. ఓపికుంటే గుడ్డు లేని ట్రే ఇంకోటి చేయండి. ముందు ఏది ఖాళీ అవుతుందో మీరే చూస్తారు.