నీళ్లలో చేప... ఫొటోలో మరక!

అండమాన్ వెళ్లారు. ఒకప్పటి హేవ్‌లాక్, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో కళ్లద్దాలు తగిలించుకుని సముద్రంలోకి దిగారు. నారింజ రంగు ఒంటిమీద తెల్లచారల క్లౌన్ ఫిష్ కళ్లముందే ఆడుకుంది. చకచకా ఓ ముప్ఫై ఫొటోలు తీశారు. తీరా ఇంటికొచ్చి చూస్తే... చేప ఉండాల్సిన చోట నారింజ మరక! మళ్లీ అంతదూరం ఎప్పుడు వెళ్తామో ఏమో.

నీళ్లలో వాడే కాంపాక్ట్ కెమెరా కొన్న చాలామందికి ఇది మామూలే. అలాగని కెమెరా పాడైందని కాదు. చిక్కంతా నీళ్లతోనే.

గ్లాసులో వేసిన చెంచా వంకరగా కనిపిస్తుంది కదా! అదే కారణం వల్ల నీటి అడుగున నాలుగడుగుల దూరంలోని చేప మూడడుగుల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. దగ్గరికి వచ్చేశాం అనుకుని అక్కడే ఆగిపోతారు. పైగా చాలా కాంపాక్ట్ కెమెరాలు వెలుగునీడల తేడాని చూసే ఫోకస్ చేసుకుంటాయి. లోతుకి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, నలుసులు అడ్డొస్తాయి. తేడా కనిపించక లెన్స్ ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ఈలోపు చేప జారుకుంటుంది.

మరేం చేయాలి? ముందు దగ్గరికి వెళ్లాలి. మీటరు లోపే ఉంటే మంచిది. జూమ్ చేస్తే లాభం లేదు, మధ్యలో ఉన్న నీళ్లు అలాగే ఉంటాయి. బాగా దగ్గరైతే పువ్వు గుర్తుండే మ్యాక్రో మోడ్ పెట్టుకోవాలి. 2019లో వచ్చిన ఒలింపస్ టీజీ-6 లాంటివైతే మైక్రోస్కోప్ మోడ్‌లో సెంటీమీటరు దూరం నుంచీ ఫోకస్ చేస్తాయి.

రెండోది, బటన్‌ని ఒకేసారి గట్టిగా నొక్కకూడదు. సగం నొక్కి, ఫోకస్ కుదిరినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చాక పూర్తిగా నొక్కాలి. క్లౌన్ ఫిష్ తన సీ అనిమోన్‌ని వదిలి దూరం పోదు. కాబట్టి అంతే దూరంలో ఉన్న అనిమోన్ మీద ముందే ఫోకస్ పట్టి, సగం నొక్కి ఉంచి, చేప వచ్చేదాకా ఆగితే చాలు. చేప కన్ను స్పష్టంగా ఉందంటే ఫొటో కుదిరినట్టే. షట్టర్ వేగం మార్చుకునే వీలుంటే సెకనులో 125వ వంతు, అంతకన్నా వేగంగా పెట్టుకుంటే కదలికకి చెదిరిపోదు.

నీళ్లలోకి దిగగానే లెన్స్ అద్దం మీది గాలిబుడగల్ని వేలితో తుడిచేయాలి. కెమెరాకి విడిగా కేసు ఉంటే తేమలేని గదిలో మూసి, లోపల ఓ సిలికా జెల్ పొట్లం పెట్టాలి. లేదంటే అద్దం లోపల ఆవిరి పడుతుంది. ఫొటోల్లో తెల్లచుక్కలు వస్తుంటే ఫ్లాష్ ఆపేయాలి. అవి ఆ వెలుగు పడి మెరిసే నలుసులే. చెయ్యి వణుకుతోందని పగడపు దిబ్బని మాత్రం పట్టుకోవద్దు. అవి ప్రాణులు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి.

ప్రయాణానికి ముందే ఇంట్లో ఓ తొట్టి నిండా నీళ్లు పోసి, అడుగున రూపాయి బిళ్ల వేసి పిల్లలతో సహా అందరూ సాధన చేయొచ్చు. బిళ్ల మీది సంవత్సరం ఫొటోలో చదవగలిగారా... ఇక సముద్రంలోకి దిగొచ్చు!