బాకీ సర్కారుది, తాకట్టు ఆడపిల్లది

‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ అనే మాటను మనం చాలాకాలంగా ఒక హక్కు పేరుగా వాడుతున్నాం. ఊరేగింపుల్లో నినాదంగా ఇస్తున్నాం, వినతిపత్రాల్లో రాస్తున్నాం. కానీ ఆ మాటకు ఉన్న అసలు అర్థం ‘ముందు నువ్వు కట్టు, తర్వాత మేం తిరిగి ఇస్తాం’ అని. ముందు కట్టగలిగిన కుటుంబానికి అది వెసులుబాటు. ముందు కట్టలేని కుటుంబానికి అది కాస్త ఆలస్యంగా చెప్పే ‘లేదు’. ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, గోదావరి ఒడ్డున భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేకొద్దీ ఈ ‘లేదు’ ఎవరి మీద పడుతున్నదో స్పష్టంగా కనిపిస్తుంది. డిగ్రీ పూర్తిచేసి పీజీ గడప దగ్గర ఆగిపోయిన కోయ, కొండరెడ్డి, లంబాడా అమ్మాయిల మీద పడుతోంది.

కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. ఆదాయపరిమితిలోపు ఉన్న ఎస్టీ విద్యార్థిని ఫీజు కట్టకుండా చేరవచ్చు, ఆమె ఫీజును ప్రభుత్వం కళాశాలకు చెల్లిస్తుంది. ఆచరణలో ప్రభుత్వం సకాలంలో చెల్లించదు. కళాశాల సర్కారును నిలదీయలేదు కనుక విద్యార్థినిని నిలదీస్తుంది. ఆమె కట్టలేదు. అప్పుడు ఆమె టీసీ, మార్కుల మెమోలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్ కళాశాల బీరువాలో ఉండిపోతాయి. చదువు పూర్తయినా చదివినట్టు రుజువు చేతికి రాదు. ఆ రుజువు లేకుండా బీఈడీకి వెళ్లలేదు, ఉద్యోగానికి దరఖాస్తు చేయలేదు, పరిశోధనలో చేరలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆ ఆదేశం అడవి అంచు దాకా ఇంకా రాలేదు.

2025 నవంబరులో తెలంగాణ అంతటా ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం మూతపడ్డాయి. యాజమాన్యాలు, ప్రభుత్వం కూర్చుని మాట్లాడుకున్నాయి, వాయిదాలు కుదిరాయి, తలుపులు తెరుచుకున్నాయి. బకాయిలు అడగడం యాజమాన్యాల హక్కే కావచ్చు. కానీ ఆ చర్చల బల్ల దగ్గర ఎవరి పేరు మీద ఆ డబ్బు నడుస్తున్నదో ఆ విద్యార్థులకు కుర్చీ లేదు. 1944లో దళితులకు, ఆ తర్వాత ఆదివాసులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టినప్పుడు దాని మధ్యలో ఉన్నది విద్యార్థి. 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన రీయింబర్స్‌మెంట్ పద్ధతి మధ్యలో ఉన్నది కళాశాల ఖాతా. డబ్బు సర్కారుకూ యాజమాన్యానికీ మధ్య నడుస్తుంది, అది ఆగినప్పుడు ఆ రెండింటి మధ్యా తాకట్టు వస్తువుగా మిగిలేది మాత్రం అమ్మాయి.

ఇదంతా గుమాస్తాల ఆలస్యమనీ, ఒక మంచి అధికారి వస్తే చక్కబడుతుందనీ అనుకునే మిత్రులున్నారు. ఆలస్యం వెనుక ఒక ఆలోచన ఉంది. 1993లో జస్టిస్ పున్నయ్య కమిటీ విశ్వవిద్యాలయాలు తమ నిర్వహణ ఖర్చులో 15 శాతాన్ని, పదేళ్లలో కనీసం 25 శాతాన్ని సొంతంగా సంపాదించుకోవాలని చెప్పింది. 1997లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ సబ్సిడీల మీద విడుదల చేసిన పత్రం ఉన్నత విద్యను సబ్సిడీకి అర్హత లేని సరుకుల జాబితాలో వేసింది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు ఆ ఆలోచనకు పుట్టినవే. 2023లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఫీజును రెండు వేల నుంచి ఇరవై వేలకు, సైన్సు, ఇంజనీరింగ్ విభాగాల్లో రెండున్నర వేల నుంచి పాతిక వేలకు పెంచింది. ఒక చేత్తో ఫీజు పెంచుతూ, రెండో చేత్తో దాన్ని ‘తిరిగి ఇస్తాం’ అనడం ఒకే విధానానికి ఉన్న రెండు ముఖాలు.

ఈ విధానం ఒక ఇంట్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం. దుమ్ముగూడెం మండలంలో పోడు భూమి ఉన్న ఒక కోయ కుటుంబాన్ని ఊహించుకోండి. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, చలికాలం చివర మిరప కోతలు. చేతిలో నాలుగు డబ్బులు ఉండేది ఆ నెలల్లోనే. పీజీ అడ్మిషన్లు వచ్చేది వానాకాలంలో, విత్తనాలకు అప్పు తెచ్చి, ఇంట్లో ఒకరిద్దరు మలేరియాతో పడుకుని ఉండే రోజుల్లో. ఏడాది ఫీజు 30 వేలు అడిగారనుకుందాం. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదిలో వంద రోజుల పనీ పూర్తిగా దొరికితే ఆ ఇంటికి వచ్చేది 30,700. అంటే చట్టం ఆ ఇంటికి హామీ ఇచ్చిన సంవత్సరం సంపాదనంతా ఒక పిల్ల ఫీజుకు సరిపోతుంది, ఏడు వందలు మిగులుతాయి. వాటితో ఇల్లు గడవాలి. ఏళ్ల తరబడి బాకీపడిన తునికాకు బోనస్‌ను కూడా 2023లో గానీ పంచలేదు. తల్లికి కూలి బాకీ, కూతురికి ఫీజు బాకీ, రెండూ ఒకే సర్కారు దగ్గర!

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఎవరి చదువు ఆగుతుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. కొడుకైతే హైదరాబాదులో రాత్రిపూట ఏదో పనిచేసి మెస్ బిల్లు కట్టుకుంటాడని ఇంట్లో ధైర్యం. కూతురికి ఆ వెసులుబాటు లేదు, హాస్టల్ గేటు సాయంత్రమే మూస్తారు. కనుక బకాయి ప్రభుత్వ రికార్డులో కులం, కోర్సు, సంవత్సరం పేరుతో నమోదైనా, ఇంటికి చేరేసరికి అది ఆడపిల్ల పేరు మీద పడుతుంది. 2017లో గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు పెట్టినప్పుడు వాటిలో ఎక్కువ ఆడపిల్లలకే ఇచ్చారు. మంచి పనే. వాళ్లు తిండి, గది, ఫీజు చింత లేకుండా డిగ్రీ దాకా వచ్చారు. అక్కడినుంచి మెట్లు లేవు.

హాస్టల్లో చోటు దొరికినా లెక్క కుదరదు. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్న మెస్ ఛార్జీలను తెలంగాణ ప్రభుత్వం 2024లో 2,100 చేసింది. రోజుకు 70 రూపాయలు. పెంచినందుకు సంతోషించాలి కాబోలు. ఎస్టీ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 2010లో నిర్ణయించిన ప్రకారమైతే హాస్టల్లో ఉండి ఎంఏ చదివేవారికి నెలకు 820 రూపాయలు, రోజుకు 27. ఇవి కూడా నెలనెలా రావు. మెస్ బాకీ పేరుకుంటుంది, పరీక్షల ముందు ‘నో డ్యూస్’ కాగితం అడుగుతారు. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. తల్లికి జ్వరమొస్తే వంటకూ, మంచం పక్కన కూర్చోవడానికీ ఎవరిని ఇంటికి పిలిపిస్తారు? కొడుకును పిలిపించరు. ఆ సేవకు హాజరు పట్టికలో గడి లేదు.

ఇక ఆదాయ ధ్రువపత్రం. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో విద్యార్థి తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు. పెళ్లయిన నిరుద్యోగ విద్యార్థిని అయితే భర్త ఆదాయం చూస్తారు. తండ్రి చేతిలోంచి భర్త చేతిలోకి మారడమే తప్ప ఆమె ఎన్నడూ తానుగా ఒక మనిషి కాదు. ఇరవై ఏళ్లకే పెళ్లయి, భర్త వదిలేసి, మళ్లీ చదువుకుందామనుకునే స్త్రీ ఎవరి ఆదాయం చూపించాలి? వదిలేసినవాడి దగ్గరికి వెళ్లి కాగితం అడుక్కోవాలా? అలాగే యూజీసీ పీహెచ్‌డీ విద్యార్థినుల కోసం సావిత్రీబాయి ఫూలే పేరుతో ఒక ఫెలోషిప్ పెట్టింది. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన ఆడపిల్లకే అది వర్తిస్తుంది. ముగ్గురు చెల్లెళ్లను పెంచి చదువుకున్న కోయ పిల్లకు అందులో చోటు లేదు. అంటరానివాళ్లుగా చూడబడిన అమ్మాయిల కోసం బడి తెరిచిన సావిత్రీబాయి పేరును ఇలాంటి షరతుకు అతికించడం ఏ గౌరవం?

సరిహద్దు ఈ కష్టాలన్నిటినీ రెట్టింపు చేసింది. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలతోపాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లోని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో. ఉమ్మడి అడ్మిషన్ల కోసం విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. ఎటపాక అమ్మాయి పొద్దున్నే నడిచివెళ్లే పట్టణంలో ఆమె ఇప్పుడు స్థానికేతర. తెలంగాణ బస్సులో ఆడవాళ్లకు 2023 నుంచి టికెట్టు లేదు, కానీ ఆంధ్ర ఆధార్ ఉన్న ఈమెకు ఉంది. చింతూరు అమ్మాయి తన రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వెళ్లాలంటే మారేడుమిల్లి ఘాటు దిగి రాజమహేంద్రవరం చేరాలి. ఆ రాష్ట్రంలో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు పథకాన్నే తీసేసింది. అప్పట్లో ఫీజు డబ్బును తల్లుల ఖాతాల్లో వేస్తూ స్త్రీ సాధికారత అన్నారు. డబ్బు ఆలస్యమైనప్పుడు కళాశాల ముందు నిలబడి జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ తల్లికే బదిలీ అయింది.

వీళ్లందరికన్నా అవతల ఉన్నవాళ్లు గుత్తికోయలు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని ఈ అడవుల్లోకి వచ్చిన కుటుంబాలు. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ల పిల్లలకు ఎస్టీ ధ్రువపత్రం దొరకడం గగనం. ధ్రువపత్రం లేనివాళ్లకు బకాయి కూడా ఉండదు!

‘బ్యాంకు రుణం తీసుకోవచ్చు కదా’ అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రుణం పెద్దదైతే బ్యాంకు ఆస్తి చూపించమంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది, వారసత్వంగా వస్తుంది, అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. ఏజెన్సీ భూమికి 1/70 చట్టం కాపలా ఉంది. ఈ రక్షణల కోసం ఆదివాసులు, అందులో స్త్రీలు, దెబ్బలు తిని పోరాడారు. చదువు అప్పు కోసం ఆ కాపలాను సడలించాలనే వాదన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, మనం ముందే జాగ్రత్తపడాలి. భూమి పోగొట్టుకుని తెచ్చుకునే డిగ్రీ మనకొద్దు. బ్యాంకు ఇవ్వకపోతే మిగిలేది తల్లి పేరు మీద సంఘం అప్పు, లేదా మైక్రోఫైనాన్స్ వారపు కిస్తీ. 2010లో ఆ కంపెనీల వసూళ్లు ఎందరి ఇళ్లు కూల్చాయో మరిచిపోలేదు.

‘ఇంత చదివి ఏం చేస్తారు?’ అనే ప్రశ్న కూడా వింటూనే ఉన్నాం. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే, అందులో మూడోవంతు స్త్రీలకు అని చెప్పిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఇంటి దగ్గర దొరికే ఉద్యోగం పోయాక బయటి పోటీకి పెద్ద చదువు మరింత అవసరమైంది. అదే సమయంలో ఆ చదువు ఖరీదు పెరిగింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2014 చట్టంలోని హామీ, పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబరులో వచ్చింది. హామీకీ తలుపుకీ మధ్య ఒక తరం అమ్మాయిలు ఇళ్లకు వెళ్లిపోయారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో చనిపోయిన రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి రాశాడు, ఆ డబ్బు ఇంటికి అందేలా చూడమని కోరాడు. కుట్టుపని చేసి అతన్ని చదివించిన తల్లి రాధిక రోడ్డు మీదికి వచ్చి ప్రశ్నించారు కనుక దేశం విన్నది. సర్టిఫికెట్ రాక మిరప చేలకు తిరిగి వెళ్లిన అమ్మాయి ఉత్తరం రాయదు. ఆమె సంఖ్య ఏ నివేదికలోనూ ఉండదు. ఆమె పేరు ఎదుట రాసేది ‘డ్రాపవుట్’ అని. ఆమె వదిలెయ్యలేదు, ఆమెను వదిలించుకున్నారు.

అందుకే మన అడుగులు మార్చాలి. ‘బకాయిలు విడుదల చేయండి’ అనే డిమాండు యాజమాన్యాలు ఎలాగూ చేస్తాయి, వాళ్లకు మన సాయం అక్కర్లేదు. మనం అడగాల్సింది వేరు. ప్రభుత్వ బాకీకి విద్యార్థి పూచీ కాదని చట్టంలో రాయాలి. సర్టిఫికెట్ ఆపిన సంస్థ మీద చర్య తీసుకోవాలి. పీజీ, పరిశోధన చదివే ఆదివాసీ, దళిత స్త్రీలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ కోర్సుకైనా, సెల్ఫ్ ఫైనాన్స్‌తో సహా, ఫీజు ఉండకూడదు. తిరిగి ఇవ్వడానికి అసలు తీసుకోకూడదు. హాస్టల్ ఖర్చు నెల మొదట్లోనే ఆమె ఖాతాలో పడాలి. భర్త ఆదాయం అడిగే నిబంధన పోవాలి, ఒంటరి స్త్రీ స్వయంగా ఇచ్చే ప్రకటన చాలాలి. సరిహద్దు మండలాల అమ్మాయిలకు రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక హోదా ఇవ్వాలి.

ఈలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. మీరు పనిచేసే మండలంలో సర్టిఫికెట్లు ఆగిపోయిన అమ్మాయిల జాబితా ఊరూరా తయారుచేయండి. ఎంత బాకీ, ఎవరి బాకీ, ఎన్నేళ్లుగా, ఏ కాగితం ఎక్కడుంది అని రాయండి. ఆమె ఒప్పుకుంటేనే పేరు రాయండి. ఆ జాబితాతో ఐటీడీఏ గ్రీవెన్స్‌కు ఒక్కొక్కరుగా కాకుండా అందరూ కలిసి వెళ్లండి. ఒక్కతే వెళితే ఆమె బాకీదారు. వందమంది వెళితే బాకీదారు ఎవరో తేలుతుంది.