మూడు లైఫులు, ఐదు లైఫులు

"వీడియో గేములు పిల్లలకి మంచివా, కాదా?" అని ఎవరైనా అడిగితే నాకు ఎక్కడో మండుతుంది. సినిమాలు మంచివా కాదా అని అడిగినట్టుంటుంది. ఏ సినిమా అని అడగాలి కదా ముందు? నేను ఆరేడేళ్ళ వయసు నుంచి, ఇరవై తొమ్మిదేళ్ళొచ్చిన ఇవాళ్టిదాకా ఆడుతూనే ఉన్నాను. మధ్యలో ఎంసెట్టూ, ఇంజనీరింగూ, ఉద్యోగమూ, పెళ్ళీ, ఓ ఆడపిల్లా వచ్చాయి. (ఆటలు వీటిలో దేన్నీ చెడగొట్టలేదంటే మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు.) ఇన్నేళ్ళు ఆడాక నాకు అనిపించేది ఏంటంటే, చూడాల్సింది ఎంతసేపు ఆడారని కాదు, ఆట అయ్యాక అది మనల్ని వదిలిపెడుతుందా లేదా అని.

కొంచెం వెనక్కెళ్ళి చెప్తాను.

మా ఒంగోల్లో నా చిన్నప్పుడు "టీవీ గేమ్" అంటే, నింటెండో వాళ్ళు 1983లో జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్‌కి ఎవరో చేసిన నకలు. అప్పుడు మాకు నింటెండో అన్న పేరే తెలీదు. క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని ఉండేది, లోపల చూస్తే పట్టుమని పది ఆటలు, అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో. క్యాసెట్ పెట్టగానే బొమ్మ రాకపోతే తీసి, ఊది, చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టడం.. మనలో చాలామంది చేసిన మొదటి హార్డ్‌వేర్ ట్రబుల్‌షూటింగ్ అదేననుకుంటా :)

బాతుల్ని కాల్చే తుపాకీ ఎలా పనిచేస్తుందో ఇంజనీరింగ్‌లో చేరాక గానీ నాకు తెలీలేదు. తుపాకీలోంచి బయటికి ఏమీ రాదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయిపోయి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి డబ్బా గీస్తుంది. తుపాకీలో ఉన్న సెన్సారుకి ఆ వెలుగు కనబడితే బాతు పడినట్టు. పాత డబ్బా టీవీ టైమింగుని నమ్ముకుని చేశారు కాబట్టి ఇప్పటి ఎల్ఈడీ టీవీలకి తగిలిస్తే ఆ తుపాకీ పనిచెయ్యదు. సూపర్ మారియో ముప్పై రెండు లెవెళ్ళూ కలిపి 40 కిలోబైట్లు. ఆఫీసులో బగ్గుకి తగిలించే ఒక్క స్క్రీన్‌షాట్ అంతకంటే పెద్దదుంటుంది. జాగా చాలక మేఘానికీ పొదకీ ఒకటే బొమ్మ వాడి, రంగు మార్చి సరిపెట్టారు. ఇలాంటివి చదివినప్పుడు మనం రాసే కోడ్ చూసి కాస్త సిగ్గేస్తుంది గానీ, ఆ గోల వేరే.

అసలు విషయం కాంట్రా. మూడు లైఫులు, కాసిని కంటిన్యూలు. అవీ అయిపోతే మళ్ళీ మొదటి స్టేజి నుంచే. ఎనిమిది స్టేజీలూ దాటితే దీవి పేలిపోతుంది, హెలికాప్టర్ ఎగిరిపోతుంది, చేసినవాళ్ళ పేర్లు పడతాయి. అంతే. నేనూ మా పెదనాన్నగారబ్బాయీ ఒక వేసవి సెలవలన్నీ కష్టపడి అక్కడిదాకా వెళ్ళాం. మర్నాడు ఇద్దరం క్రికెట్‌కి పోయాం. ఆటకి మాతో పని అయిపోయింది, మాకూ దాంతో పని అయిపోయింది.

పాతవన్నీ బంగారం అనట్లేదు నేను. కాంట్రా 1987లో మొదట వచ్చింది నాణెం వేసి ఆడే మిషన్లలోనే. మనం తొందరగా చస్తేనే కదా వాళ్ళకి ఇంకో నాణెం! డబ్బు గుంజడం అప్పుడూ ఉంది. కాకపోతే ఆ మిషనుకి మన ఇల్లు ఎక్కడో తెలీదు. బయటికొచ్చేస్తే మన వెనకాల నడిచి రాదు.

హాస్టల్ రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6. దాని గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? నెట్‌వర్క్స్ సబ్జెక్టు కంటే ముందే ఐపీ అడ్రసులూ, కేబుల్ క్రింపింగూ నేర్పింది ఆ ఆటే. పక్క రూమువాడు నిద్రపోతే ఆట ఆగిపోయేది. మనిషి ఉంటేనే ఆట.

ఇప్పుడు క్యాండీ క్రష్ చూడండి, 2012లో వచ్చింది. మా ఆవిడ ఆడుతుంది, మా అత్తగారు ఇంకా బాగా ఆడతారు. ఐదు లైఫులు. అయిపోతే గేమ్ ఓవర్ కాదు. ముప్పై నిమిషాలకి ఒక లైఫు చొప్పున నిండుతుంది. ఆగలేకపోతే డబ్బు కట్టు, లేదా స్నేహితుల్ని అడుక్కో. నిండాక ఫోను మోగి మీ లైఫులు రెడీ అంటుంది. కాంట్రాలో లైఫులైపోతే అమ్మ అన్నానికి పిలిచేది, ఇక్కడ లైఫులైపోతే అరగంటకి అలారం పెట్టుకున్నట్టు. రెంటికీ మాట ఒకటే, పని పూర్తిగా తిరగబడింది. మొదటిది ఆటకి ముగింపు, రెండోది మనల్ని వెనక్కి లాగే తాడు.

ఇదంతా ఎవరో దుర్మార్గులు చీకటి గదిలో కూర్చుని చేస్తున్నారనుకోకండి. మనమే చేస్తున్నాం. నేను గేముల కంపెనీలో చెయ్యను, కానీ మా యాప్ డాష్‌బోర్డులో కూడా అవే గ్రాఫులు: మొదటిరోజు వచ్చినవాళ్ళలో ఏడోరోజుకి ఎంతమంది మిగిలారు, ముప్పయ్యో రోజుకి ఎంతమంది? నోటిఫికేషన్ పొద్దున పంపితే ఎక్కువ తెరుస్తున్నారా, రాత్రి తొమ్మిదికా? రెండు గుంపులు చేసి పరీక్ష పెడతాం, గెలిచింది ఉంచుతాం. "పూర్తి చేసి సంతోషంగా వెళ్ళిపోయారు" అనే గడి ఆ డాష్‌బోర్డులో నాకెక్కడా కనపడలేదు. ఆ లెక్కలో కాంట్రా ఘోరంగా ఫెయిలైన ప్రొడక్టు. గెలిచిన మర్నాడు ఇద్దరు యూజర్లూ పోయారు!

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. పందెం ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే, రమ్మీ యాప్‌లతో మునిగినవాళ్ళు మనందరికీ ఒకరో ఇద్దరో తెలుసు. కానీ ఆ చట్టం గురి పందెం మీద, తాడు మీద కాదు. చైనా వాళ్ళు 2021లో ఇంకోలా వెళ్ళారు. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలకి ఆన్‌లైన్ ఆటలు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవుల్లో, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే అన్నారు.

మా మావయ్యగారు కూడా చైనా పద్ధతే. పాపకి నాలుగున్నరేళ్ళు, పుట్టినరోజుకి టాబ్లెట్ కొనిస్తానంటున్నారు. "రోజుకి అరగంట, గడియారం పెట్టి ఇవ్వండి అల్లుడుగారూ, ఏం కాదు" అన్నారు. పెద్దాయన ప్రేమగా అన్నమాట, కానీ గడియారంతో నాకు పేచీ ఉంది.

మా బావమరిది కొడుక్కి తొమ్మిదేళ్ళు. మొన్నామధ్య తెనాలి దగ్గర పల్లెలో పెళ్ళికెళ్ళాం, అక్కడ సిగ్నల్ లేదు. వాడు ఒకటే ఏడుపు. ఆడుకోనివ్వలేదని కాదు, రోజూ తెరవాల్సిన బహుమతి పెట్టె ఆ రోజు తెరవకపోతే నలభై రోజుల వరస తెగిపోతుందట. రెండు నిమిషాల పని. గడియారం లెక్కలో ఆ రోజు వాడు ఆడింది సున్నా. కానీ తాళి కట్టేదాకా వాడి బుర్రలో ఇంకేమీ లేదు. వాడితో పోలిస్తే ఆదివారం మూడు గంటలు కూర్చుని ఒక ఆట పూర్తిచేసి లేచిన పిల్లాడి గురించి నాకు బెంగ లేదు.

కాబట్టి ఇంట్లో నేను పెట్టబోయే రూల్ నిమిషాల్లో ఉండదు. ఆటకి చివర ఉండాలి. నెట్ తీసేసినా ఆడేట్టుండాలి. ఒకసారి కొంటే మళ్ళీ డబ్బు అడక్కూడదు. నోటిఫికేషన్ పర్మిషన్ అడిగితే అక్కడికక్కడే అన్‌ఇన్‌స్టాల్. నలుగురం కూర్చుని చూసే వీలుంటే మరీ మంచిది. ఈ పరీక్ష పెడితే ప్లే స్టోరు మొదటి పేజీలో మిగిలేవి బహు తక్కువ, ప్రయత్నించి చూడండి. మా ఆవిడ "ఊరికే వచ్చేవి ఇన్నుండగా కొనడమెందుకండీ" అంటుంది. ఊరికే వచ్చేవాటి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో మన డాష్‌బోర్డుల్లో చూశాం కదా అని నా జవాబు. ఇంకా తీర్పు రాలేదు.

ప్రస్తుతానికి పాపా నేనూ మాన్యుమెంట్ వ్యాలీ ఆడుతున్నాం. 2014లో వచ్చిన ఆట, మొత్తం పది అధ్యాయాలు. మెట్లు తిప్పితే దారి ఏర్పడుతుంది, చిన్న రాకుమారి నడిచి వెళ్తుంది. మెట్లు పాప తిప్పుతుంది, నేను పక్కన కూర్చుని తప్పు సలహాలిస్తాను. ఏడు అయ్యాయి, ఇంకా మూడున్నాయి. ఆ తర్వాత ఏం ఆడాలో తెలీట్లేదు. మీ ఇళ్ళల్లో పిల్లలు ఆడి, పూర్తి చేసి, మర్చిపోయిన ఆటలేవైనా ఉంటే పేర్లు చెప్పండి.