మన సొత్తు – పరుల తాళము

డిస్కు ఇమేజి యనగా వర్చువల్ మెషీను సర్వస్వమును, దస్తావేజులు, పద్దులు, ఉత్తరములు సమస్తమును, ఇముడ్చుకొన్న ఫైలు. సొత్తు మనది, తలుపు తీయుటకు వర్తకుని వాకిట నిలువవలెనా? 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వారు వీఎంవేరును కొనిరి. మరుమాసమే శాశ్వత లైసెన్సుల విక్రయము మానిరి. పాత లైసెన్సులు చెల్లవనలేదు, నిజమే. మద్దతు మాత్రము పొడిగింపమనిరి. చట్టమునకు లోటు లేదేమో; న్యాయమునకో?

ఈ చెరకు విరుగుడు కలదు. 2009లో రెడ్‌హాట్‌కు చెందిన రిచర్డ్ జోన్సు ఆరంభించిన లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్, మెషీనును నడపకయే డిస్కును తెరచి చూపును, దిద్దనిచ్చును. దాని తోడిదగు విర్ట్-వీటూవీ వీఎంవేరు మెషీనులను కేవీఎమ్మునకు తరలించును. మూలము బహిరంగము. నడచుచున్న మెషీను డిస్కుపై వ్రాసినచో అది చెడునని దాచక హెచ్చరించును కూడ. అయినను ఉచితముగా వాడుకొని యూరకుండువారే పెక్కురని మాకు తోచుచున్నది. చదువుకొన్న యువకులు నేడే యొక డిస్కు తెరచి చూతురుగాక. దోషము కన్నచో సవరణ పంపుదురుగాక.