ఒకే మాట వందసార్లు వద్దు

సంపాదకులకు,

ప్రతి లింకుకూ 'నిర్మల్ బొమ్మలు' అన్న మాటే తగిలిస్తే గూగుల్‌లో పైకి వస్తామన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన శోధనలో తెచ్చిన 'పెంగ్విన్' అనే మార్పు ఇలాంటి కృత్రిమ లింకులనే దెబ్బకొట్టింది. అలాగని 'ఇక్కడ నొక్కండి' అన్నా లాభం లేదు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

మా ఊరి పేరే చూడండి. ఖానాపూర్ నిర్మల్ జిల్లాలో ఉంది, వరంగల్ జిల్లాలో ఉంది, కర్ణాటకలోని బెళగావి జిల్లాలోనూ ఉంది. ఉత్త 'ఖానాపూర్' అని లింకిస్తే చదివేవారు ఏ ఊరనుకోవాలి? 'నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి సదర్‌మాట్ ఆనకట్ట' అంటే తికమక ఉండదు.

లింకు మాట దారి బోర్డులాంటిది. చేరే చోటు చెబితే చాలు, డప్పు కొట్టనక్కర్లేదు. సందర్భాన్ని బట్టి మాట మార్చమని మీ పాఠకులకు చెప్పండి.

– ఒక పాఠకుడు, ఖానాపూర్, నిర్మల్ జిల్లా