చూడి నిర్ణయము: నలువదిరెండవ దినము మన చేజాఱనేల?

“పశువు మరల ఎదకు రాలేదు, కనుక చూడి కట్టియే యుండును” అనుట మన రైతులలో చిరకాలముగ నున్న నమ్మకము. మేము గ్రామములు తిరుగునప్పుడు ఈ మాట వినని దినము లేదు. ఈ నమ్మకమువలన పాడిరైతునకు గలుగు నష్టమును లెక్కించువారు మాత్రము కొద్దిమందియే.

ఎద సుమారు 21 దినముల కొకసారి వచ్చును. వేసవిలో బఱ్ఱెలకు మూగయెద వచ్చుట కలదు. అరుపు గాని తీగలు గాని కానరావు. అట్టిదానిని చూడిదని తలచి నెలలకొలది మేపి, తుదకు వట్టిదని తెలిసి వగచువారిని మేమెఱుగుదుము. చూడి పశువునే గొడ్డని భ్రమించి సంతలో తెగనమ్ముకొనువారును గలరు.

చేతితో పరీక్షించు వైద్యుడు సాధారణముగ నెలన్నర మొదలు రెండు నెలల వఱకు ఆగవలసియుండును. అప్పటికి 42వ దినపు ఎదయు దాటిపోవచ్చును. అంతకు పూర్వమే తెలిసికొను మార్గము పశువు నెత్తురునందే యున్నది. ఆవు గర్భమందలి పిండము సుమారు 16వ దినమునకే ఇంటర్‌ఫెరాన్ టౌ అను మాంసకృత్తును వెలువరించి, తన యునికిని తల్లికి తెలుపును. అందువలననే తల్లికి మరల ఎద రాదు. పిమ్మట మాయయందలి కణములు వేఱొక జాతి మాంసకృత్తులను తల్లి నెత్తురులోనికి విడుచును. ఇట్టిదానిని 1982లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఎదకు కట్టించిన సుమారు 28 దినములకు నెత్తురునందును, పాలయందును వీనిని పరీక్షచే కనుగొనవచ్చును. బఱ్ఱెలయందును ఇవి కలవు. వట్టిదని అప్పుడే తెలిసినచో 42వ దినమున రైతు కన్నువేసి యుండును. ఆ యొక్క ఎద దక్కుటయే ఈ పరీక్షవలని లాభము.

అయినను దీనిని గ్రుడ్డిగా నమ్మరాదు. ఈనిన పిమ్మట రెండు నెలల వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, పాత చూలి మాంసకృత్తు నెత్తురున నిలిచియుండును. మొదటి పరీక్షకు పిదప పిండము చెడుటయు గలదు. కావున ఈనిన తేదీ తప్పక తెలుపవలయును. రెండు నెలలు నిండిన వెనుక వైద్యునిచే మరల చూపించవలయును.

ఒక్క పశువు గల రైతు ఈ వ్యయమును ఒంటరిగా భరింపజాలడని కొందఱందురు. నిజమే. కాని సంఘమున్నది ఇందులకే కదా! ప్రయోగశాలలో ఒకే పలకపై అనేకుల నమూనాలను పరీక్షింపవచ్చును. పాలు పోయు చోటనే ఒక్కొక్క పశువు పాలను వేఱువేఱు సీసాలలో పట్టి, పేరు వ్రాసి, ఒక్కమాఱుగ పంపుట సంఘమునకు భారము కాదు. ఎద తేదీ, కట్టించిన తేదీ, ఈనిన తేదీ వ్రాయు పుస్తకము ప్రతి సంఘమున నుండవలయునని మా దృఢాభిప్రాయము.

సోదర రైతులారా! పాల లెక్క పూటపూట వ్రాయించుకొనుచున్నాము. ఆ పాలకు మూలమైన చూలి లెక్కను ఊహకు విడుచుట తగునా? రాబోవు సభయందు ఈ విషయమును ఆలోచించి తీర్మానింప గోరుచున్నాము.