అప్పు మనకు, ఆస్తి దొరకు

1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది: తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా బానిసే. యజమాని చస్తే పొలం, పశువులతోపాటు మనుషుల్నీ వారసులు పంచుకున్నరు. చదివి అయ్యో అంటాం.

మరి మన గడీల్లో? దొర బిడ్డ పెళ్లికి అరణం కింద ఆడబాపను పంపలేదా? తండ్రి అప్పు తీరక చస్తే కొడుకు అదే దొరకు భగేలా కాలేదా? 1936లో నిజాం భగేలా ఒప్పందాలకు హద్దులు పెట్టిండు. వెట్టి ఆగలేదు. 1976లో వెట్టి నిర్మూలన చట్టమొచ్చింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల కూలీలు తిరగబడితే సర్కారు ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నది.

దొర భూమి మనుమడికి దిగుతది. తాత అప్పు మనకు దిగింది. మరి తాతకు రావాల్సిన కూలి ఎవరికి దిగింది? మనం భూమి అడిగితే, అడిగేది ఆ బాకీనే.

జై భీమ్.